కొట్టుకుపోయిన పేర్లు, గుంత కూలి లెక్కలు: ఒక సంఘపు జ్ఞాపకాల పుస్తకం

పాత దస్తావేజులను కాపాడడం, పెద్దల నోటి మాటగా మిగిలిన చరిత్రను రాయించుకోవడం నా వృత్తి. కర్నూలు నగరంలోని ఒక క్రైస్తవ సంఘం, గతించిన తన సభ్యుల జీవితాలను నమోదు చేసుకోవడానికి సాయం కోరినప్పుడు జరిగిన పనిని ఇక్కడ రాస్తున్నాను. సంఘం పేరు, శాఖ, వీధి చెప్పడం లేదు. మనుషులను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలలో కొన్నింటిని తీసివేశాను, కొన్నింటిని మార్చాను. ఈ కేసును ఎంచుకోవడానికి కారణం ఉంది. సరైనవని నమ్మి మేము మొదలుపెట్టిన పద్ధతులన్నీ, బతికున్నప్పుడు సంఘంలో ఉన్న హెచ్చుతగ్గులనే చనిపోయినవారికి కూడా అంటగట్టాయి. ఆ సంగతి గ్రహించడానికి నాకు చాలా నెలలు పట్టింది.

నేపథ్యం

రాయలసీమలోని పాత సంఘాలలో చాలావాటిలాగే ఇదీ మిషనరీల కాలంలో ఏర్పడింది. 1876–78లో వచ్చిన ధాత కరువు కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ తరువాతి ఏళ్లలో ఈ ప్రాంతపు మాల, మాదిగ కుటుంబాలు పెద్ద సంఖ్యలో బాప్తిస్మం తీసుకొన్నాయి. వారి పిల్లలలో కొందరు మిషను బడులలో చదువుకొని ఉపాధ్యాయులు, ఉపదేశులు, కాంపౌండర్లు, నర్సులు, ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు బైబిలు చెప్పే ‘బైబిలు స్త్రీలు’ అయ్యారు. మిగిలినవారు కూలి చేశారు, బండ్లు తోలారు, మునిసిపాలిటీలో వీధులు ఊడ్చారు. ఆదివారం ఒకే గుడిలో కూర్చొన్నా, ఎవరు ఏ వరుసలో కూర్చోవాలో చెప్పకుండానే అందరికీ తెలిసేది.

సంఘంలో బాప్తిస్మ, వివాహ, భూస్థాపన రిజిస్టర్లు విడివిడిగా ఉండేవి. అవి వెస్ట్రీలో, అంటే గుడికి ఆనుకొని పాస్టరు వాడుకొనే గదిలో, బీరువాలో కింది అరలో ఉండగా, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. నీళ్లు తీసిన తరువాత యవ్వనస్థులు ఆ పుస్తకాలను బురదలోంచి ఏరి, మేడ మీద ఎండబెట్టారు. ఇళ్లలో తినడానికి గింజ లేని రోజులలో ఆ పిల్లలు రిజిస్టర్ల కోసం వెతకడమే గొప్ప సంగతి. అయితే తడిసిన కాగితాన్ని నేరుగా ఎండలో పెడితే పుటలు వంకరపోయి ఒకదానికొకటి అంటుకొంటాయి. నీడలో, గాలి తగిలే చోట, పుటల మధ్య పీల్చే కాగితం పెట్టి మారుస్తూ ఆరబెట్టాలని వాళ్లకు చెప్పేవారు ఆనాడు లేరు.

నన్ను పిలిచిన సందర్భం

2021 ఏప్రిల్, మే నెలలలో కరోనా రెండవ విడతలో ఈ సంఘం తక్కువ రోజులలో ఎక్కువమందిని పోగొట్టుకొంది. భూస్థాపనకు కొద్దిమందికే అనుమతి ఉండేది. కొందరిని ఆసుపత్రి నుంచి నేరుగా సమాధుల తోటకు తెచ్చారు. ఆదరణ కూడికలు జరగలేదు. మనిషి పోయిన తరువాత ఇంటి వసారాలో చాపలు పరచి, కీర్తనలు పాడి, పోయినవారి గురించి నలుగురూ నాలుగు మాటలు చెప్పుకొనే ఆ కూడిక లేకపోవడం ఆ కుటుంబాలకు మానని పుండయింది.

ఆ లోటు తీర్చడానికి సంఘ కమిటీ ఒక పాలరాతి ఫలకం చేయించి గుడి గోడకు బిగించాలనుకొంది. వెంటనే ప్రశ్నలు వచ్చాయి. కరోనాలో పోయినవారి పేర్లేనా, అందరివీనా? అందరివీ అయితే ఏ సంవత్సరం నుంచి? రిజిస్టర్లు తెరిచి చూస్తే కొన్ని దశాబ్దాలు ఖాళీ. ఫలకానికి సరిపోయే జాబితా తయారుచేసి ఇమ్మని పాస్టరు గారు నన్ను అడిగారు. నేను ఒప్పుకొన్నాను, కాని అడిగిన పని జాబితా అయినా కావలసింది అది కాదేమోనన్న అనుమానం మొదటి రోజే కలిగింది. ఎందుకంటే నాతో మాట్లాడిన కుటుంబాలలో ఒక్కరు కూడా పేరు చెక్కలేదని బాధపడలేదు, మా వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదని బాధపడ్డారు. అప్పుడే ఆ మాట గట్టిగా చెప్పి ఉండవలసింది. చెప్పకుండా జాబితా పనిలో దిగాను.

రిజిస్టర్లు

మొదట అంటుకొన్న పుటలను విడదీసి, ఫొటోలు తీసి చదివాను. ఇక్కడ ఒక విషయం నన్ను ఆశ్చర్యపరచింది. అన్నిటికంటె పాత పుటలు, అంటే మిషనరీల కాలం నాటివి, బురద మరకలు పడినా చక్కగా చదవడానికి వచ్చాయి. ఆ రోజులలో వాడిన ఇనుప లవణాల సిరా కాగితంలోకి ఇంకి నల్లబడుతుంది, నీటికి తొందరగా కరగదు. బాల్‌పాయింట్ పెన్నుతో రాసిన ఇటీవలి పుటలూ చాలావరకు నిలిచాయి. కొట్టుకుపోయినవి మధ్య కాలానివి: 1950ల చివర నుంచి 1980ల నడుమ దాకా, ఫౌంటెన్ పెన్నులో కడిగితే పోయే నీలి సిరా పోసి రాసినవి. పక్కనుంచి వెలుతురు వేసి, అతినీలలోహిత టార్చితో వెతికినా అక్కడక్కడ ఒక తేదీ, ఒక ఇంటి పేరు తప్ప దొరకలేదు.

నష్టం జరిగిన కాలాన్ని బట్టి నా నిర్ణయం మారింది. 1890లలో పోయినవారి గురించి రిజిస్టరు చెప్పేదే తప్ప మరొకరు చెప్పలేరు. 1970లో పోయినవారిని చూసినవారు ఇంకా బతికి ఉన్నారు, కాని వారు ఎనభై దాటినవారు. కనుక పాత పుటలను ఫొటో తీసి పక్కన పెట్టి, ఖాళీ అయిన ముప్పై ఏళ్ల మీదే ముందు పనిచేయాలని నిశ్చయించాను. మిగిలిన పుటలలో మరొక లోటు కూడా కనిపించింది. భూస్థాపన రిజిస్టరులో మగవాడికి పేరు, ఇంటి పేరు, వృత్తి ఉన్నాయి; ఆడమనిషికి చాలాచోట్ల ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే ఉంది. సిరా కొట్టుకుపోకపోయినా ఆమె పేరు ఆ పుటలో లేదు.

ఫారాలు, పెద్దల ఇంటర్వ్యూలు: విఫలమైనవి

ప్రతి కుటుంబానికి ఒక ముద్రిత ఫారం ఇచ్చాము. పేరు, పుట్టిన తేదీ, మరణించిన తేదీ, సంఘానికి చేసిన సేవ, జ్ఞాపకం చేసుకోదగిన గుణాలు. సగానికి తక్కువే తిరిగివచ్చాయి. వచ్చినవి దాదాపు అన్నీ ఉద్యోగస్థుల ఇళ్ల నుంచి వచ్చాయి. ‘సంఘానికి చేసిన సేవ’ అన్న గడి చూసి, తమ వాళ్లు కమిటీలో లేరు గదా, గాయక బృందంలో లేరు గదా అని చాలామంది ఫారం మడిచి పక్కన పెట్టేశారని తరువాత తెలిసింది. ఆ గడి పెట్టినవాడిని నేనే. వచ్చినవాటిలో గుణాల గడి నిండా ఒకే మాటలు: ప్రార్థనాపరురాలు, భక్తిపరుడు, అందరితో ప్రేమగా ఉండేవారు. అవి అబద్ధాలని అనను. కాని ఒకరి ఫారంలోని వాక్యాన్ని తీసి మరొకరి ఫారంలో పెడితే తేడా తెలియదు. మనం సమాధి రాతి మీద చెక్కే మాటలే ఫారంలోకి వచ్చాయి, ఎందుకంటే ప్రశ్న ఆ మాటలనే అడిగింది.

తరువాత సంఘ పెద్దలను ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి మాట్లాడించాను. వారి జ్ఞాపకశక్తికి నమస్కరించాలి. ఏ సంవత్సరం ఏ పాస్టరు గారు బదిలీ అయ్యారో, గంట స్తంభానికి ఎవరెంత చందా ఇచ్చారో తడుముకోకుండా చెప్పారు. అయితే అది కమిటీ చరిత్ర. ఒక పెద్దాయన రెండు గంటలు మాట్లాడి, అందులో ఒక్క స్త్రీ పేరు కూడా ఎత్తలేదు.

గుడిలోని వస్తువులను కూడా చదివాను. ఫ్యాన్ రెక్కల మీద, బెంచీల వీపుల మీద, గోడ గడియారం కింద ‘కీ.శే.’ అంటూ రంగుతో రాసిన పేర్లు చాలా ఉన్నాయి. మరణించిన సంవత్సరం కూడా ఉన్న చోట అవి తేదీలను సరిచూసుకోవడానికి ఎంతో ఉపయోగపడ్డాయి. మన ఊళ్లలో ఏ పాత గుడిలోనైనా ఈ పని చేసేవారు తల పైకెత్తి ఫ్యాన్లను చూడడం మరవకూడదు. కాని ఫ్యాను కొనలేని ఇంటి మనిషి పేరు ఫ్యాను మీద ఉండదు.

లెక్కల పుస్తకం

దారి చూపినది ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక పుస్తకం. చాలా ఏళ్లు కోశాధికారిగా పనిచేసిన ఒకాయన సంఘపు ఖర్చుల పుస్తకాలను తన ఇంట్లో, మిద్దె మీది గదిలో ఉంచేవారు. అందువల్ల వరద వాటిని తాకలేదు. వాటిని పెన్సిలుతో రాశారు. పెన్సిలు గీత నీళ్లకు కరగదు, కనుక తడిసి ఉన్నా నిలిచేదేమో. దీపపు నూనె, సున్నం, గంటకు కొత్త తాడు వంటి ఖర్చుల మధ్య ‘గుంత కూలి’ అని, అంటే సమాధి గుంత తవ్వినందుకు ఇచ్చిన కూలి అని, కొన్ని వరుసలు కనిపించాయి. తేదీ, ఎవరి గుంత, కూలి ఎంత, ఎవరికి ఇచ్చారు. పేదవారి గుంతకు సంఘ నిధి నుంచి కూలి ఇచ్చే ఆచారం ఉండేదట. స్తోమత ఉన్న కుటుంబాలు కూలి తామే ఇచ్చుకొనేవి.

అంటే రెండు ఆధారాలు ఒకదానిలోని ఖాళీని మరొకటి పూరించాయి. ఉన్నవారికి రాయి ఉంది, లెక్కల పుస్తకంలో వరుస లేదు. లేనివారికి రాయి లేదు, లెక్కల పుస్తకంలో వరుస ఉంది. ఫలకం, ఫారం, పెద్దల మాట, ఫ్యాన్ రెక్క, ఇవేవీ చూపించని మనుషులు ఈ పుస్తకంలో వరుసగా బయటపడ్డారు. రాసినాయన చిల్లర లెక్క సరిపోవడానికి రాశారు, స్మరణ కోసం కాదు; బహుశా అందుకే ఎవరినీ వదలలేదు. కొన్ని పేర్లు పూర్తిగా లేవు, ‘బోర్డింగు అవ్వ’, ‘లైటు తాత’ వంటివి ఉన్నాయి. కొందరి గుంతలను బంధువులే తవ్వుకొని ఉండవచ్చు, వారు ఈ పుస్తకంలోనూ దొరకరు. అది మనసులో పెట్టుకొనే ముందుకు వెళ్లాము.

గుంతలు తవ్వినందుకు ఇరవై ఏళ్లకు పైగా ఒకే మనిషి పేరు మీద కూలి పడింది. తరువాత ఒకచోట ‘ఎవరి గుంత’ అన్న చోట ఆయన పేరు, ‘ఎవరికి ఇచ్చారు’ అన్న చోట మరొకరి పేరు ఉన్నాయి. ఆయనకు రాయి లేదు, రిజిస్టరులో ఆ పుట తెల్లగా ఉంది. ఆయన మరణించిన తేదీ మాకు తెలిసింది ఈ ఒక్క పెన్సిలు గీత వల్లనే.

సమాధుల మధ్య

లెక్కల పుస్తకం పేర్లు ఇచ్చింది, జీవితాలు ఇవ్వలేదు. ఆ పేర్లను చూసినవారు కావాలి. ఈసారి ఒక్కొక్కరిని విడిగా కాకుండా ముగ్గురు నలుగురు వృద్ధ స్త్రీలను కలిపి, ఇంట్లో కాకుండా సమాధుల తోటలోనే వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాలని అనుకొన్నాను. ఒంటరిగా అడిగితే మనిషి జాగ్రత్తగా, మర్యాదగా మాట్లాడుతుంది. తోటివారు ఉంటే ఒకరి మాటను ఒకరు సరిదిద్దుతారు, తెలియని చోట పక్కామెను అడుగుతారు. ఇక సమాధి ఎదురుగా ఉంటే వరుస తప్పదు. పక్క సమాధి ఎవరిది, దాని పక్కది ఎవరిది అని చూపు సాగినట్టే మాట సాగుతుంది.

ముందుగా రాళ్లను చదవవలసి వచ్చింది. ఇక్కడివి ఎక్కువగా బేతంచెర్ల రాళ్లు, కడప బండలు. ఇవి సున్నపురాయి జాతివి, పొరలు పొరలుగా లేస్తాయి. నవంబరు 2న వచ్చే సమాధుల పండుగకు ముందు ఏటా సున్నం పూయడం వల్ల అక్షరాల గాడులు పూడిపోయాయి. కొందరు నేలబండలు తోమే యాసిడ్ తెచ్చారు, నేను ఆపాను. అది సున్నాన్నే కాదు, రాతినీ తినేస్తుంది. ఇనుప బ్రష్షు కూడా వద్దన్నాను. మెత్తని కుంచె, మంచినీళ్లు, ఉదయాన్నే ఏటవాలుగా పడే ఎండ, ఆ ఎండ అందని చోట దాన్ని పక్కకు మళ్లించడానికి ఒక అద్దం. చాలా రాళ్లు ఇంత మాత్రానికే చదవడానికి వచ్చాయి.

ఆ తరువాత ప్రశ్న. ‘ఆమె ఎలాంటి మనిషి’ అని అడిగితే ఇక్కడ కూడా భక్తిపరురాలన్న మాటే వచ్చింది. రెండవ రోజు ప్రశ్న మార్చి, ఆమె చేతిలో ఎప్పుడూ ఏముండేది అని అడిగాను. ‘బోర్డింగు అవ్వ’ గురించి అడిగినప్పుడు ఒకామె వెంటనే, ‘సంగటి కెలికే తెడ్డు, లేకపోతే పేన్ల దువ్వెన’ అంది. మిగిలిన ఇద్దరూ నవ్వి, తరువాత కళ్లు తుడుచుకొన్నారు. మిషను బోర్డింగులో, అంటే పిల్లల వసతిగృహంలో, వంటమనిషిగా పనిచేసిన ఆమె, శనివారం సాయంత్రం తల్లి దగ్గర లేని పిల్లలందరినీ మెట్ల మీద వరుసగా కూర్చోబెట్టి తల చూసేదట. జడ బిగించి లాగేదట. ఏడ్చిన పిల్లకు కొంగున కట్టిన బెల్లం ముక్క పెట్టేదట. ఆమె అసలు పేరు అప్పుడు గుర్తుకొచ్చింది. ముందు పని గుర్తుకు వచ్చి, దాని వెంట పేరు వచ్చింది. ఇది తరువాత చాలాసార్లు జరిగింది. ‘లైటు తాత’ క్రిస్మస్ రాత్రులలో ఇంటింటికీ పాడుతూ వెళ్లే గుంపు ముందు పెట్రోమాక్స్ లైటు మోసేవాడని, దానిలో వెలిగే జాలీ వత్తి అయిన మాంటిల్ కట్టడం ఆయనకు తప్ప ఇంకొకరికి కుదిరేది కాదని, పెళ్లిళ్లకు పిలిస్తే కులం చూడకుండా వెళ్లి వెలిగించేవాడని చెప్పారు.

గుంతలు తవ్వినాయన గురించి అడిగినప్పుడు వాళ్లు కొంచెంసేపు మాట్లాడలేదు. పసిపిల్లల గుంతకు ఆయన కూలి తీసుకొనేవాడు కాదని తరువాత ఒకామె చెప్పింది. పుస్తకం మళ్లీ తీసి చూశాను. ఆయన పనిచేసిన కాలంలో పిల్లల గుంతకు కూలి వరుస ఒక్కటీ లేదు.

చెప్పదగినది, రాయదగినది

ఇంతవరకు వచ్చాక రెండు కష్టమైన నిర్ణయాలు ఎదురయ్యాయి.

మొదటిది పేర్ల సంగతి. చాలామందికి బాప్తిస్మంలో ఒక పేరు, బడిలోను కాగితాలలోను ఒక పేరు ఉన్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారిని ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతులలోని సి గ్రూపు (బి.సి.-సి) కింద పెట్టారు. తాత బాప్తిస్మ వివరం అచ్చు పుస్తకంలో కనిపిస్తే మనవడి షెడ్యూల్డు కుల ధ్రువపత్రానికి ఏమవుతుందోనన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఆ భయం న్యాయమైనదా కాదా అని తీర్పు చెప్పడం నా పని కాదని, దాన్ని తోసిపుచ్చే హక్కు అసలే లేదని అనుకొన్నాను.

ఇష్టపడిన కుటుంబాల వివరాలే అచ్చువేద్దామని కమిటీ సూచించింది. కొన్ని రోజులు నాకూ అదే సబబనిపించింది. అయితే వద్దన్న కుటుంబం ఖాళీ అందరికీ కనిపిస్తుంది. మౌనమే ఒక ప్రకటన అవుతుంది. అందుకని ఎవరిదీ అచ్చువేయకూడదని అడిగి ఒప్పించాను. పుస్తకం ఒకే ప్రతి, చేతిరాతతో, వెస్ట్రీలో పై అరలో ఉంటుంది. ఫొటో తీయడం, వాట్సాప్‌లో పెట్టడం లేదు. భద్రత కోసం మూసిన కవరులో ఒక నకలు మరోచోట ఉంటుంది. ప్రతి మనిషినీ ఇంట్లో పిలిచిన పేరుతోనే రాశాము. కులం, బాప్తిస్మ తేదీ, అధికారిక పేరు ఏవీ లేవు.

రెండవది మరణ కారణం. తోట గోడ వారన ఉన్న సమాధులలో ఒకటి బావిలో పడి చనిపోయిన ఒక యువతిది. ఆమె తమ్ముడు ఇప్పుడు వృద్ధుడు. అక్క గురించి రాయండి, ఎలా పోయిందో రాయవద్దు అన్నాడు. ఆమె ఒక్కరి పుటలో కారణం లేకపోతే చదివేవారు ఆగి ఆలోచిస్తారు. కనుక పుస్తకం మొత్తంలో ఎవరికీ మరణ కారణం రాయకూడదని నియమం పెట్టాము, కరోనాలో పోయినవారికి కూడా. కరోనా కుటుంబాలలో ఒకటి మొదట బాధపడింది, ఆ సంగతి లోకానికి తెలియాలి గదా అన్నారు. తమ్ముడి మాటను బయటపెట్టకుండా కారణం వివరించడం కష్టమైంది. ‘గోడ వారన ఉన్నవాళ్ల కోసం’ అని మాత్రం అన్నాను. వాళ్లు అర్థం చేసుకొన్నారు. ఆ యువతి గురించి పుస్తకంలో ఉన్నది ఇది: గుడిలో హార్మోనియం తనంతట తాను నేర్చుకొంది, కుడిచేతి చిటికెన వేలు పొట్టిది కావడం వల్ల ఒక మెట్టు అందక, అక్కడ పాటను కొంచెం మార్చి వాయించేది, ఇప్పటికీ ఈ సంఘంలో ఆ కీర్తనను అలాగే పాడుతున్నారు.

నవంబరు 2

సమాధుల పండుగనాడు కుటుంబాలు బంతిపూలు, కొవ్వొత్తులు తెచ్చుకొని ఎవరి సమాధి దగ్గర వారు ప్రార్థించి వెళ్లడం వాడుక. మొదటి పఠనం 2022లో జరిగింది. పదవి వరుసలోనో, అక్షర క్రమంలోనో కాకుండా సమాధుల వరుస ప్రకారం చదవాలని నిర్ణయించాము. ఆ క్రమంలో హెడ్మాస్టరు గారి పక్కన వీధి ఊడ్చినామె వస్తుంది, ఎందుకంటే వాళ్లు అక్కడ అలాగే ఉన్నారు. ఏటా రెండు వరుసలకు మించి చదవము. కరోనాలో పోయినవారి సమాధులు చివరి వరుసలో ఉన్నాయి; ఆ కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూడడం న్యాయం కాదని ఆ ఒక్క వరుసను మొదటి సంవత్సరమే చదివాము. ప్రతి ఒక్కరి గురించి చదివిన తరువాత, ఇంకేమైనా చెప్పేవారున్నారా అని అడిగి ఆగాము. ఆదరణ కూడిక జరగని ఇళ్లవారు అప్పుడు మాట్లాడారు. రాత్రి తొమ్మిది దాటినా కదలలేదు. పాలరాతి ఫలకం గురించి తరువాత కమిటీ సమావేశంలో ఎవరూ ప్రస్తావించలేదని విన్నాను. పోగైన డబ్బుతో తోట ప్రహరీ మరమ్మతు చేయించారు.

ఇంకొక సంఘంలో చేసేటప్పుడు మార్చుకొన్నవి

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా రిజిస్టర్లకంటె ముందు ఖర్చుల పుస్తకాలు అడుగుతున్నాను. ముద్రిత ఫారం ఇవ్వడం లేదు. గుణాల గురించి అడగడం మానేశాను. అచ్చా, చేతిరాతా అన్న నిర్ణయాన్ని పని మొదలుపెట్టకముందే సంఘంతో తేల్చుకొంటున్నాను. ఇక్కడ మధ్యలో తేల్చడం వల్ల రెండు కుటుంబాలు అప్పటికే ఇచ్చిన వివరాలను వెనక్కి తీసుకొన్నాయి, వారిని తిరిగి నమ్మించలేకపోయాను.

మరొక తప్పు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. వేపచెట్టు కింద మాకు అందరికంటె ఎక్కువ చెప్పిన అవ్వ, నాలుగవ వరుస పూర్తి కాకముందే చనిపోయింది. ఆమె పుట రాద్దామని కూర్చొంటే మా రికార్డింగులలో గంటల కొద్దీ ఆమె గొంతు ఉంది, ఆమె గురించి ఒక్క మాట లేదు. ఎవరమూ అడగలేదు. ఆ పుటను మిగిలిన ఇద్దరు అవ్వలు చెప్పగా రాశాము, అది చిన్నది. ఇప్పుడు ఎవరినైనా సమాధుల దగ్గరకు తీసుకువెళ్లే ముందు రోజు, వారి ఇంట్లోనే కూర్చొని, ముందుగా వారి చేతిలో ఎప్పుడూ ఏముండేదో అడిగి రాసుకొంటున్నాను.